దిగే వేడికి పని చెప్పిన మా బావ

మా బావ పోయాడన్న కబురు నాకు విజయనగరం గూడ్సు షెడ్డు దగ్గర అందింది. బొగ్గు వ్యాగను వస్తుందని పొద్దుటినుంచీ అక్కడే పడి ఉన్నాను. బియ్యం మిల్లు కలాసీ ఒకడు సైకిలు తొక్కుకుంటూ వచ్చి, దిగకుండానే ఒక కాలు నేల మీద ఆనించి, "ఒరే, మీ బావ పోనాడు. బేగి రా" అన్నాడు.

"ఎక్కడికి పోనాడు? బొగ్గు రాకండా ఆయన ఎక్కడికీ పోడు" అన్నాను నేను.

వాడు నవ్వలేదు. నా మాటకి నవ్వని మనిషి ఆ షెడ్డులో అంతకుముందు ఎవరూ లేరు. అప్పుడర్థమయింది. మెల్లగా లేచాను. చావులకి పరుగెత్తే వయసు దాటిపోయింది నాది. అంతలో వ్యాగను రానే వచ్చింది. దాన్ని అలాగే వదిలేసి సైకిలు వెనక కూర్చున్నాను.

ఈ నాలుగు ముక్కలూ చదివేవాళ్ళలో చాలామందికి మా బావ ఎవరో తెలియదు. మా అప్ప మొగుడు. అప్ప అంటే మా వైపు అక్కే. బియ్యం మిల్లు వెనక వీధిలో, ఇటుకలతో గూడులా కట్టి నోటికి తలుపు బిగించిన కొలిమి ఒకటి పెట్టుకుని ఇనప సామానుకి పాయనం పెట్టేవాడు. కొడవలి చేసేవాడు వేరు, దానికి పాయనం పెట్టేవాడు వేరు. చేసినంత మాత్రాన ఇనుముకి బుద్ధి రాదు. దాన్ని ఎర్రగా కాచి, నూనెలోనో నీళ్ళలోనో ముంచి, మళ్ళీ కాస్త వెచ్చచెయ్యాలి. గట్టిదనం ఎక్కువైతే పెళుసై విరుగుతుంది, తక్కువైతే వంగుతుంది. ఆ రెండింటి మధ్యా ఉన్న ఇరుకు చోటులో మా బావ బతికాడు.

ఆయనకి వినయం అనే జబ్బు లేదు. "ఈ జిల్లాల్లో ఇనుముకి బుద్ధి సెప్పీవోడిని నానొక్కణ్ణే" అనేవాడు.

"మరి నీకెవలు సెప్తారు బావా?"

"మీ అప్ప ఉన్నాది కదేటి" అనేవాడు, లోపల అప్పకి వినపడేలాగ.

వానలు ముఖం చాటేసిన ఏళ్ళలో మా పని చితికిపోయింది. కొయ్యడానికి పంట లేనివాడికి కొడవలితో పనేమిటి? ఆపైన బొగ్గు. వస్తుందన్న రోజున రాదు, వచ్చిన రోజున మనకి రాదు. మా వరసలో ఉన్న కొలిములు ఒక్కటొక్కటే చల్లారిపోయాయి. ఒకాయన తిత్తి అమ్మేసుకుని ఖడ్గపూర్ రైల్లో కూలికి పోయాడు, ఇంకొకాయన కొట్టులో మేకల్ని కట్టుకున్నాడు. అప్ప ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది: "ఈ కొలిమి మనకి తిండి పెడతన్నాదో, మనవే దీనికి పెడతన్నామో తెలీటం లేదు." బావ ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. కొలిమి ఉంటుందా, అదీ మేకల దొడ్డి అవుతుందా అన్నదే ఆ ఇంట్లో తిన్నా పడుకున్నా నడిచే మాట.

అలాంటి రోజుల్లో ఒక పాలిటెక్నిక్ మాస్టారు ఉలులకి పాయనం పెట్టించుకుందామని వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్న మనిషి. కొలిమికి అంత దూరాన నిలబడ్డా చెమట్లు కారిపోయాయి. చొక్కా వీపుకి అంటుకుపోయాక అన్నాడు: "మీరు ఇనుముని కాయటం లేదండీ. వీధిని కాస్తున్నారు."

"వీధికి సలేస్తన్నాది, కాస్తన్నాను. తమకేటి నొప్పి?" అన్నాడు బావ.

మాస్టారు ఉలులు తీసుకుని వెళ్ళిపోయాడు. బావ ఆ పూటంతా మూతి ముడుచుకుని, సాయంత్రానికి నన్ను పిలిచాడు. "ఒరే, నీకు పనీ పాటూ లేదు గాని, ఇలగొచ్చి ఈ గోడ మీద అరసెయ్యి పెట్టు. ఎక్కడ కాల్తాదో సెప్పు." పాఠశాలలో ఏ తరగతిలోనూ రెండేళ్ళకి తక్కువ కూర్చోని నాకు, ఆ విధంగా వేడి కొలిచే యంత్రం ఉద్యోగం వచ్చింది. నేను బాగా చల్లగా ఉన్న మూల చెయ్యి పెట్టి "అమ్మో, సచ్చిపోనాను" అని కేక వేస్తే, పాపం ఒక తట్ట మట్టి ఆ మూలకే మెత్తాడు. తర్వాత తెలుసుకుని, నా మెడ పట్టుకుని నిజంగా కాలే చోటుకే తీసుకెళ్ళాడు. అంటే కొలిమి నోటి దగ్గరికి.

మిల్లు వెనక ఊక గుట్టలుగా పడి ఉండేది. ఊకలో పెట్టిన మామిడికాయ వెచ్చగా ముగ్గుతుందని ఈ ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. వేడిని ఊక పట్టి ఉంచుతుందని బావ లెక్క. కొలిమి చుట్టూ జానెడు ఎడంలో ఇంకో గోడ కట్టి, రెండు గోడల మధ్యా తట్టలకొద్దీ ఊక కూరాడు. మామిడికాయ కొలిమి కాదన్న సంగతి మరిచిపోయాడు. మర్నాటి నుంచి గోడ ప్రతి పగులులోంచీ పొగ. మంట లేదు, కుమిలిపోవడమే. వీధి వీధంతా దగ్గు. మిల్లువాళ్ళు నీళ్ళ బాల్చీలతో పరిగెత్తుకొచ్చారు. బావ అడ్డంగా నిలబడి, "పొగ కాదది, తడి ఆరతన్నాది" అంటాడు కళ్ళు తుడుచుకుంటూ. నేను అడిగినవాళ్ళకల్లా మా బావ ఇంటెడు చుట్ట ఒకటి చుట్టుకుని కాలుస్తున్నాడని చెప్పాను.

ఆ పొగ చూసే మాస్టారు మళ్ళీ వచ్చాడు. నేనైతే పడీ పడీ నవ్వేవాణ్ణి. ఆయన నవ్వలేదు. గోడలో పుల్ల పెట్టి కెలికి, "ఊక కాదండీ. ఊక పూర్తిగా కాలాక మిగిలిన బూడిద పొయ్యండి. అందులో ఇంక కాలడానికేమీ ఉండదు, వేడిని బయటికీ పోనివ్వదు" అన్నాడు. మిల్లు బాయిలరు దగ్గర ఆ బూడిద ఎవరికీ పట్టకుండా పడి ఉంది. బావ మోసుకొచ్చి పోశాడు. పొగ ఆగింది. గోడ బయట కాలడం మానేసి గోరువెచ్చనయింది. అయినా ఒప్పుకునే ఘటమా? "ఇది నాకు ముందే తెలుసు మేస్టారూ. పరీచ్చ సేసేను" అన్నాడు. "మంచిది" అన్నాడా మాస్టారు. ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం, ఆ ఒక్క "మంచిది"కి.

గోడ సరే, నోరు మిగిలింది. అక్కడే అసలు గొడవ.

మా బావ తండ్రి నాటినుంచీ వీధిలో ఆడవాళ్ళందరూ తెల్లారేసరికి పిడక ముక్క పట్టుకుని కొలిమి దగ్గరికి నిప్పుకి వచ్చేవారు. అగ్గిపెట్టె ఖర్చు కాదు అక్కడ ముఖ్యం, అలవాటు. నిప్పు తీసుకుంటూ కోడళ్ళ సంగతులు ఇచ్చిపోయేవారు. ఎదురింటి ముసలమ్మకైతే పిడకతో సరిపోదు. చుట్ట వెలిగించుకోవాలి. మా వైపు ముసలమ్మల్లాగే ఆవిడా చుట్ట కాలే కొస నోట్లో పెట్టుకుని పీల్చే మనిషి, అడ్డపొగ. అది ఆరినప్పుడల్లా వచ్చి కొలిమి తలుపు తీసేది. తీసిన ప్రతిసారీ లోపల ఎరుపు తగ్గిపోయేది. ఒక రైతు చెరుకు గానుగ పళ్ళచక్రాలు అలాగే సగం గట్టిగా, సగం మెత్తగా తయారయ్యాయి. గానుగ ఆడే రోజుల్లో పళ్ళు ఊడిపోయి, ఆ రైతు చక్రాలు తెచ్చి కొట్టు ముందు పడేశాడు. ఇచ్చిన కూలి కూడా తిరిగి అడక్కుండా వెళ్ళిపోయాడు. తిట్టిపోసినా బాగుండేది.

మర్నాడు బావ కొలిమి నోటికి ఇటుకలు పేర్చి, మట్టితో మెత్తేశాడు. వీధికి చెప్పేశాడు: పని అయ్యేదాకా తలుపు తియ్యను, నిప్పు లేదు.

ఇరుగుపొరుగుతో నిప్పు లేదనడమంటే మా వైపు కూర్చున్నవాళ్ళ కింద పీట లాగేసినట్టే. ముసలమ్మ చుట్ట చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఏట్రా, నిప్పు లేదంటావేటి? మీ అయ్య ఏనాడైనా ఆ మాటన్నాడేటి?"

"మా అయ్యకి బొగ్గు దొరికీది మామ్మా."

"నా సుట్టకి నీ బొగ్గు అరిగిపోతాదేటి?"

"సుట్టకి కాదే, తలుపు తీసినందుకు. తీసినప్పుడల్లా ఏడి ఎగిరిపోతన్నాది."

"ఓలమ్మ, దానికి రెక్కలొచ్చినాయి కాబోలు!"

నేను ఊరుకోవచ్చు కదా. "మామ్మా, నువ్వు సుట్ట మానీ. కొలిమి బతుకుతాది" అన్నాను.

"ఆ మట్టేదో ముందు నీ నోటికి మెత్తమను" అని, బావ వైపు తిరిగి, "నిప్పివ్వని కొంపలో నిప్పు నిలవదురా" అనేసి పోయింది.

ఆ మాట బావకి తగిలింది. ఆ తర్వాత వీధిలో అప్ప కుళాయి దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. బొగ్గు మాత్రం నిలిచింది. రెండు వ్యాగన్ల మధ్య ఎప్పుడూ ఆరిపోయే కొలిమి ఈసారి ఆరలేదు. బావ సంబరపడాల్సింది. కూడు సరిగ్గా తినడం మానేశాడు. "కొలిమి బతికినాది, వీధి సచ్చినాది" అని ఒకసారి గొణుక్కున్నాడు.

తర్వాత కొన్నాళ్ళకి నన్ను పిలిచి కొలిమి నెత్తి మీద చెయ్యి పెట్టమన్నాడు. నేను పెట్టనన్నాను. ఆయనే పెట్టాడు. సామాను తీసేసి చాలాసేపయినా కొలిమి పైకప్పు కాలుతూనే ఉంది. "ఎక్కిన ఏడి దిగక మానదు రా. ఉత్తినే దిగనీకు, పని సెప్పు" అన్నాడు. ఈ మాట ఆయన నోట అదే మొదటిసారి వినడం. ఆఖరిసారి వినే నాటికి మేమంతా విసిగిపోయి చెవులు మూసుకునేవాళ్ళం.

అప్పటినుంచి ఆ కొలిమికి వరస మారింది. ఒకసారి బాగా కాచి, ఎక్కువ వేడి కావలసిన పని ముందు చేసేవాడు. వేడి కొంచెం దిగాక గొడ్డళ్ళు, కొడవళ్ళు. ఇంకా దిగాక, ముంచి తీసిన సామానుని మళ్ళీ వెచ్చచేసే పని. మొత్తానికి ఎర్రదనమంతా పోయాక, పైకప్పు మీద ఇనప రేకు పరిచి వీధికి కబురు పెట్టాడు: నిప్పు లేదు, వేడి ఉంది, కుండలు తెచ్చుకోండి. మొదటి రోజు ఎవరూ రాలేదు. అప్ప ఒక్కతే చోడి అంబలి, అంటే రాగి అంబలి, కుండ పెట్టింది. గంట గంటకీ కలియబెట్టే పని లేదు, అడుగంటలేదు, మెల్లగా ఉడికి, తెల్లారేసరికి ఆ వాసన వీధిలోకి పోయింది. తర్వాత కుండలు పెట్టడానికి చోటు చాలలేదు. ముసలమ్మ అందరికంటే ఆఖర్న వచ్చింది. కుండ బావ చేతికివ్వకుండా తనే పెట్టి, "నీ మొకం సూసి కాదు, పుల్లలు తడిసిపోనాయి" అంది.

ఒకరోజు నేను కుండలు తారుమారు చేశాను. రెండిళ్ళవాళ్ళు ఒకళ్ళ అంబలి ఒకళ్ళు తాగేసి, ఉప్పు గురించి వారం పాటు తగువులాడుకున్నారు. మాటలు ఆగిపోయిన వీధిలో తగువు వినపడితే బావ ప్రాణం లేచొచ్చింది. నన్ను తిట్టలేదు.

కాలం కూడా కాస్త దయతలిచింది. పల్లెల్లో నూతుల దగ్గర ఆయిలు ఇంజన్లు వచ్చాయి. ఇరుసులు అరిగిపోయేవి. కొత్తది మద్రాసు నుంచి రావాలంటే చేను ఎండిపోయేది. బావ అరిగిన ఇరుసుని లేతు మిషను మీద సాపు చేయించి, ఇనప పెట్టెలో బొగ్గుపొడి, ఎముకల బొగ్గు మధ్య కూరి, మూతకి మట్టి మెత్తి, కొలిమిలో పెట్టి రోజల్లా కాచేవాడు. పైపొర రాయిలా గట్టిపడేది, లోపల మెత్తగా ఉండి విరిగేది కాదు. కొలిమిలో వేడి నిలవని రోజుల్లో ఈ పని ఊహకి కూడా అందేది కాదు. నేను సైకిలు వేసుకుని శ్రీకూర్మం దాకా తిరిగి, "పాత ఇరుసుకి కొత్త తోలు తొడుగుతాం" అని ఊరూరా కేకలేసి పని తెచ్చేవాణ్ణి. అబద్ధాలు చెప్పకుండా నేను చేసిన ఉద్యోగం అదొక్కటే, అందుకే అలిసిపోయాను.

శ్రీకూర్మం దగ్గరే బావ అన్నగారు ఉండేవాడు. కొలిమి పని వదిలేసి వ్యవసాయంలో పడ్డ మనిషి, ఆచారం జాస్తి. "ఎముకలు కాల్సీ కొంపలో నాను నీళ్ళు కూడా ముట్టను" అని కబురంపాడు. "నీ ఇంజనుకి ఇరుసు అరిగినప్పుడు సెప్పు" అని బావ తిరుగు కబురు.

మా బావ అలవాట్లు చెప్పమంటే, టీ ఎప్పుడూ చల్లార్చుకుని తాగేవాడు, ఆ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ఆ వేడీ వృథా కాకుండా. ఎవరింటికి పోయినా వాళ్ళ పొయ్యి చూసేవాడు. ఒక పెళ్ళిలో వంటవాళ్ళ గాడిపొయ్యికి చుట్టూ ఇటుకలు పేర్చబోతే గరిటెలతో తరిమారు. మేము భోజనం చెయ్యకుండానే వచ్చేశాం. దారిలో ఆయన బాధ మా ఆకలి గురించి కాదు, "ఎంత ఏడి, ఎంత ఏడి" అని.

ఈ ఏడాది ఆయాసం మొదలైంది. ఇన్నేళ్ళ పొగ ఎక్కడికి పోతుంది? తట్ట ఎత్తితే కూర్చోవలసి వచ్చేది. "అలిసిపోనాను రా" అన్నాడు ఒకసారి, నేను వేళాకోళం చెయ్యబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాను. మట్టి కలపడం, నోరు మెత్తడం అప్ప అందుకుంది.

పోయిన నాడు పెట్టె కూరింది మాత్రం ఆయనే. నాలుగైదు ఊళ్ళ ఇరుసులు అందులో ఉన్నాయి. పొద్దుటినుంచీ కాచి, ఇక బొగ్గు వెయ్యడం ఆపేసి, నోటికి మట్టి మెత్తించి, తనంతట తానే చల్లారే దాకా తియ్యొద్దని అప్పకి చెప్పాడట. చేతులు కడుక్కుని మంచం మీద ఒరిగాడట. అప్ప టీ పెట్టి తెచ్చేసరికి అయిపోయింది.

అన్నగారు మర్నాడు మొదటి బస్సుకి వచ్చాడు. తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. తర్వాత లేచి కొలిమి గోడ మీద చెయ్యి వేసి, వెచ్చగా తగిలితే ఉలిక్కిపడ్డాడు.

"శవం లేవకుండా ఇంట్లో నిప్పుంచినారేటి? పొయ్యి ఆరిపీసినారు గాని దీన్నొగ్గీసినారు. నీళ్ళు పొయ్యండి."

"పొయ్యకూడదు బావా" అంది అప్ప. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "నీళ్ళు పోస్తే ఇటికలు పగిలిపోతాయి. ఇరుసులు పాడైపోతాయి. మళ్ళీ కట్టీ శక్తి మాకు లేదు. ఇంక కొట్టుండదు."

"మనిషే పోయాక కొట్టేటి? వాడి ఆత్మకి శాంతి వద్దేటి?"

ఆ మాట అంటే ఎవరు ఎదురు చెప్తారు? నలుగురు మగవాళ్ళు బాల్చీలు అందుకున్నారు. నేను అడ్డం పడ్డాను. "పెద్దబావా, బొగ్గెయ్యటం నిన్ననే ఆపీసినాము. లోపల నిప్పు లేదు, ఏడే ఉన్నాది" అన్నాను. జీవితంలో ఒక్కసారి నిజం చెప్తుంటే, ఆ వీధిలో నా మాట నమ్మేవాడెవడు? "నీ ఎకసెక్కాలు ఈ రోజు కూడా ఏట్రా" అని నన్ను పక్కకి తోశారు.

అప్పుడు అరుగు మీంచి ముసలమ్మ లేచింది. వచ్చి, బాల్చీ పట్టుకున్నవాడి చెయ్యి పట్టుకుంది.

"అందులో నిప్పు లేదు."

"నీకేటి తెలుసు మామ్మా?"

"నాకు కాక ఎవలికి తెలుసు? నిప్పుంటే ఆడు నాకు పెట్టకపోనా? ఇన్నేళ్ళూ నిప్పు లేదు, ఏడే ఉన్నాదని నాతోటి తగువాడినాడు. సచ్చినాక ఆణ్ణి అబద్దాలకోరుని సేస్తారేటి మీరు?"

ఎవరో వెనక నవ్వబోయి ఏడ్చారు. అన్నగారు మళ్ళీ గోడ మీద చెయ్యి వేశాడు. ఈసారి చాలాసేపు తియ్యలేదు. బాల్చీలు కింద పెట్టమన్నాడు. ఆ నీళ్ళతోనే తమ్ముడికి స్నానం చేయించారు.

ఇంకా కర్మలు కాలేదు. ఇరుసులవాళ్ళు వచ్చి పలకరించి, అడగలేక వెళ్ళిపోతున్నారు. "కర్మయ్యాక పెట్టె నానే తీస్తాను, సెప్పు ఆల్లకి" అంది అప్ప. చెప్పాను. తర్వాత మట్టి కలిపేది ఆమె, బొగ్గు కోసం పడి ఉండేది నేను. అలిసిపోయినవాళ్ళిద్దరం, అయినా కొలిమి ఉంటుంది.

అన్నగారు వచ్చిన ఆ రోజు సాయంత్రం శ్మశానం నుంచి మేం తిరిగొచ్చాం. పుష్యమాసపు చలి. నూతి దగ్గర స్నానం చేసి అప్ప తడి చీరతోనే వచ్చి, ఎవరినీ చూడకుండా, సున్నం వేసిన ఆ కొలిమి గోడకి వీపు ఆనించి కూర్చుంది. వణుకు తగ్గేదాకా అలాగే ఉంది. ఆడవాళ్ళు వచ్చి లోపలికి తీసుకెళ్ళారు. ఆమె లేచిన చోట గోడ మీద తడి మరక మిగిలింది, భుజాలు, వంగిన వీపు, మనిషి అచ్చు. నేను చూస్తూ ఉండగానే అది అంచుల నుంచి మెల్లగా ఆరుకుంటూ, మధ్యకి వస్తూ ఉంది.